స్ట్రాబెర్రీ నారు సొంతంగా పెంచుకోవాలంటే: పావెకరం రైతుకి ఎదురయ్యే చిక్కులు, వాటిని దాటే దారి

స్ట్రాబెర్రీ సాగు గురించి ఎవర్ని అడిగినా పండు రేటు గురించే చెబుతారు. టూరిస్టులు తోటలోకే వచ్చి కొనుక్కుపోతారని, ఫొటోలు దిగుతారని చెబుతారు. మొక్క ఎక్కడి నుంచి తెచ్చారు, వచ్చినప్పుడు ఎలా ఉంది, చచ్చిపోతే మళ్లీ ఎక్కడ దొరుకుతుంది అన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు. నేను చూసినంతవరకు చిన్న రైతు దెబ్బతినేది అక్కడే. అందుకని నారు ఒక్కదాని గురించే రాస్తున్నాను, పావెకరం, అరెకరం వేసేవాళ్లని దృష్టిలో పెట్టుకుని.

మా లంబసింగి, చింతపల్లి వైపు అక్టోబర్‌లో నాటి డిసెంబర్ నుంచి మార్చి దాకా పండు కోస్తాం. నారు మహారాష్ట్ర నుంచి వస్తుంది, అంటే మహాబలేశ్వర్, పంచ్‌గని, వాయి ప్రాంతం నుంచి. మహాబలేశ్వర్ స్ట్రాబెర్రీకి 2010లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది, దేశంలో ఎక్కువ పంట అక్కడిదే. వాళ్లు కూడా తల్లి మొక్కల్ని విదేశాల నుంచి, ముఖ్యంగా కాలిఫోర్నియా నుంచి తెప్పించుకుని, వానాకాలంలో వాటి నుంచి పిల్ల మొక్కలు తీస్తారు. ఇక్కడ ఒక్క విషయం గమనించండి. మహాబలేశ్వర్‌లో కుండపోత వాన కాబట్టి వాళ్లు నారు అక్కడ పెంచరు, కొండ దిగి వాన తక్కువ పడే వాయి వైపు వచ్చి పెంచుతారు. తరాలుగా ఈ పంటే చేస్తున్నవాళ్లు వానకి భయపడి నారుమడిని కొండ కిందికి మార్చుకున్నారు. మనం సొంతంగా నారు పెంచుదామనుకున్నప్పుడు అన్నిటికంటే ముందు బుర్రలో పెట్టుకోవాల్సింది ఇదే.

నేను మొదటి ఏడాది పావెకరానికి ఐదున్నర వేల మొక్కలు తెప్పించాను. మొక్క 12 రూపాయలు, అంటే 66 వేలు, రవాణా వేరే. రెండున్నర రోజులు ప్రయాణం చేసి నర్సీపట్నం చేరాయి, అక్కడి నుంచి జీపులో ఘాట్ ఎక్కించి తెచ్చాం. అట్టపెట్టె తెరవగానే ఉడికిన ఆకుకూర వాసన గుప్పున కొట్టింది. మధ్యలో ఉన్న కట్టల్ని చేత్తో పట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. ఆకులు నల్లబడి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పైన, పక్కన ఉన్నవి బాగానే కనబడ్డాయి కాబట్టి నాటేశాం. ఇరవై రోజుల్లో దాదాపు 1500 మొక్కలు పోయాయి. ఫోన్ చేస్తే ఇక్కడి నుంచి బాగానే పంపాం, దారిలో ఏమైందో మాకేం తెలుసు అన్నారు. ఖాళీలు పూడ్చడానికి మళ్లీ మొక్కలు దొరికేసరికి నవంబర్ సగం అయిపోయింది, ఆ మొక్కలు సంక్రాంతి రద్దీకి కాయనే లేదు.

అందుకని రెండో ఏడాది సొంత నారు అనుకున్నాను. అందరూ చేసే పనే నేనూ చేశాను. పండు కోత అయ్యాక ఏప్రిల్‌లో అదే తోటలో కొన్ని బోదెలు ఉంచేసి, వాటి నుంచి వచ్చిన రన్నర్లని, అంటే తల్లి మొక్క నుంచి పాకుతూ పోయి కణుపుల దగ్గర పిల్లలు వేసే తీగల్ని, మట్టిలోకి తొక్కించాను. జూన్‌లో చూడటానికి ఎంత పచ్చగా ఉందో చెప్పలేను. ఆగస్టు రెండో వారంలో కలుపు తీయడానికి వచ్చిన ఒక పెద్దావిడ నన్ను పిలిచి, "బాబూ, ఈ వరసలో మొక్కలు మధ్యాహ్నం వాలిపోతున్నాయి, సాయంత్రానికి మళ్లీ లేస్తున్నాయి. రేపో ఎల్లుండో ఇక లేవవు చూడు" అంది. ఆవిడ చెప్పినట్టే అయింది. వాలిన మొక్కని పీకి, వేర్లు కడిగి, బ్లేడుతో నిలువుగా కోశాను. ఆకులన్నీ పుట్టే ఆ పొట్టి మొదలుని క్రౌన్ అంటారు, ఆరోగ్యంగా ఉంటే లోపల తెల్లగా, పచ్చి ముల్లంగి ముక్కలా ఉండాలి. నా మొక్కలో తెలుపు మీద ఇటుక రంగు చారలు, పాలరాతి మీద మరకల్లా పాకిపోయి ఉన్నాయి. అది ఆంత్రక్నోస్, కొల్లెటోట్రైకమ్ అనే శిలీంధ్రం చేసే క్రౌన్ కుళ్లు. పక్కనే పచ్చగా, నిటారుగా ఉన్న మొక్కని కోస్తే అందులోనూ మొదలైపోయింది.

ఆ పచ్చగా కనబడ్డ మొక్కే నాకు అసలు విషయం నేర్పింది. స్ట్రాబెర్రీ విత్తనం నుంచి పెంచే పంట కాదు, విత్తనం వేస్తే తల్లిలాంటి మొక్క రాదు. పిల్ల మొక్క అంటే తల్లి శరీరంలో ఒక ముక్క. తల్లిలో ఉన్న వైరస్, క్రౌన్‌లో నిద్రపోతున్న కుళ్లు, ఆకు మడతల్లో దాగిన నల్లి, అన్నీ రన్నర్‌తో పాటు పిల్లకి చేరతాయి. తల్లిలో లక్షణాలేవీ కనబడకుండా కూడా చేరతాయి. ఇది మన దగ్గరే జరిగేదీ కాదు. 2017-18 సీజన్‌లో ఫ్లోరిడా తోటల్లో నియోపెస్టలోషియాప్సిస్ అనే కొత్త తెగులు విరుచుకుపడినప్పుడు, అది నర్సరీ మొక్కలతోనే వచ్చిందని అక్కడి శాస్త్రవేత్తలు తేల్చారు. కాలిఫోర్నియాలో అయితే టిష్యూ కల్చర్ ల్యాబ్‌లో (మొక్కలోని చిన్న ముక్క నుంచి సీసాలో కొత్త మొక్కని పెంచే చోట) మొదలై, నెట్‌హౌస్, తక్కువ ఎత్తు నర్సరీ, చివరికి చలి ఉండే ఎత్తైన ప్రాంతం నర్సరీ, ఇలా ఏళ్ల తరబడి మెట్టు మెట్టుగా పెంచి, ప్రతి మెట్టులో పరీక్ష చేశాకే పండు రైతు చేతికి మొక్క వస్తుంది. మనం ఒక్క వానాకాలంలో, ఒక్క మడిలో అదంతా చేయబోతున్నాం. చేయొచ్చు. కానీ కొన్ని విషయాల్లో అస్సలు రాజీ పడకూడదు.

మొదటిది, పండు కోసిన తోట నుంచి రన్నర్ తీయొద్దు. ఎంత ఆశ పుట్టినా వద్దు. నాలుగు నెలలు పండు కాసిన మొక్కకి పేనుబంక, ఎర్రనల్లి, ఆకుమచ్చ, కూలీల చేతులు, టూరిస్టుల కాళ్లు అన్నీ తగిలి ఉంటాయి. నారు కోసం తల్లి మొక్కలు విడిగా కొనండి. ఐదు వేల పిల్లలు కొనే బదులు 250 మంచి తల్లుల్ని కొనడం, అంతే తేడా. టిష్యూ కల్చర్ మొక్కలు దొరికితే అవి, లేకపోతే ఈ ఏడాది దిగుమతి అయిన తల్లుల నుంచి వచ్చిన మొదటి తరం పిల్లలు. టిష్యూ కల్చర్ మొక్క ఖరీదు ఎక్కువే, కానీ రన్నర్లు బాగా వేస్తుంది. దాన్నే నేరుగా పండు కోసం నాటితే గుబురుగా పెరిగి కాయ చిన్నదవుతుంది, కాబట్టి దాన్ని తల్లిగానే వాడి, పిల్లల్ని తోటలో నాటండి.

రకం అడిగేటప్పుడు ఒక మాట. ఆల్బియాన్, శాన్ ఆండ్రియాస్ లాంటివి పగటి పొడవుతో పెద్దగా పని లేకుండా పూసే రకాలు. పూత మీదే ధ్యాస కాబట్టి రన్నర్లు తక్కువ వేస్తాయి, చిన్న రైతు వాటి నారు పెంచాలంటే చేతికి చాలా తక్కువ మొక్కలొస్తాయి. స్వీట్ చార్లీ, వింటర్ డాన్, కామరోసా, చాండ్లర్ లాంటివి పగలు పొట్టిగా, రాత్రి చల్లగా ఉన్నప్పుడు పూస్తాయి, పగలు పొడుగ్గా, వెచ్చగా ఉన్నప్పుడు రన్నర్లు వేస్తాయి. మన దగ్గర ఎంత పెద్ద పగలైనా 13 గంటలకి అటూ ఇటూ. అందుకని మే నుంచి ఆగస్టు దాకా ఉన్న ఆ కొద్ది కాలాన్నే వాడుకోవాలి. ఆ నెలలన్నీ ఇటు ఎండకో అటు వానకో చిక్కుతాయి, మన కష్టమంతా అదే.

తల్లుల్ని కొనేటప్పుడు మొహమాటపడొద్దు. నాలుగైదు మొక్కల్ని అక్కడే కోసి చూస్తానని, వాటికి డబ్బు ఇస్తానని చెప్పండి. క్రౌన్ తెల్లగా ఉందా, వేర్లు లేత రంగులో ఉన్నాయా లేక నల్లగా ఎలుక తోకల్లా పీచు రాలిపోయి ఉన్నాయా, వేర్ల మీద చిన్న చిన్న బుడిపెలు ఉన్నాయా చూడండి. బుడిపెలుంటే నులిపురుగు ఉన్నట్టే. లేత ఆకు ముడతపడి, పెళుసుగా, బయటికి రాలేకుండా ఉంటే సైక్లమెన్ నల్లి అయ్యుండొచ్చు, అది కంటికి కనబడనంత చిన్నది. ఆకుని వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే ఈనెల మధ్య గళ్లుగళ్లుగా నీటి మచ్చలు మెరిస్తే అది బ్యాక్టీరియా మచ్చ. వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ లాట్ వదిలేయండి, రేటు తగ్గిస్తామన్నా సరే. మందు నీళ్లలో ముంచితే పోతుంది కదా అంటారు. ముంచితే పైన ఉన్నది పోవచ్చు, క్రౌన్ లోపలికి వెళ్లిన కుళ్లు పోదు.

ఇక స్థలం. పావెకరం తోటకి నారు పెంచడానికి పది సెంట్లు చాలు. అది పండు తోటకి దూరంగా, వాలులో తోట కంటే పైన ఉండాలి, కింద కాదు. తోటలోంచి పారిన వాన నీళ్లు నారుమడిలోకి రాకూడదు. టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప వేసిన నేల వద్దు, వాటికొచ్చే ఎండు తెగులు వెర్టిసీలియం స్ట్రాబెర్రీకీ వస్తుంది. ఏప్రిల్ మొదట్లో నేల దున్ని, బాగా తడిపి, పలుచటి తెల్ల పాలిథీన్ షీటు బిర్రుగా పరిచి అంచులు మట్టితో కప్పేసి ఐదారు వారాలు ఎండకి వదిలేయండి. నల్ల షీటు కాదు, వెలుతురు దూరే షీటే కావాలి, అప్పుడే లోపల మట్టి కాలుతుంది. పశువుల ఎరువు వేస్తే పూర్తిగా మగ్గినదే వేయండి, పచ్చి పెంట వేస్తే వేరుపురుగు దిగి ఆగస్టులో ఒక్కో మొక్కనీ కింద నుంచి కొరికేస్తుంది.

నీళ్ల సంగతి చాలామంది పట్టించుకోరు. స్ట్రాబెర్రీకి ఉప్పు అస్సలు పడదు. నీటి ఈసీ (నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 1 ఎంఎస్/సెం.మీ దాటితే లేత ఆకుల అంచులు కాలడం మొదలవుతుంది, నారు దశలో ఇంకా సున్నితం. ఈసీ మీటరు పెన్నులా ఉంటుంది, పెద్ద ఖరీదేం కాదు, కొనుక్కోండి. తెలంగాణలో సంగారెడ్డి, వికారాబాద్ వైపు బోరు నీళ్లతో వేసేవాళ్లు డ్రిప్ లేటరల్ (మొక్కల వరసల వెంట వేసే సన్న పైపు) మీద తెల్లటి పొర కడుతోందంటే ముందు నీళ్లు పరీక్ష చేయించండి, వాన నీళ్లు పట్టి కలుపుకోవడం ఒక దారి. మా కొండల్లో ఉప్పు బాధ లేదు కానీ ఇంకోటి ఉంది. గెడ్డ (కొండవాగు) నీళ్లు తోడితే పై పొలాల నుంచి ఫైటోఫ్తొరా కుళ్లు నీళ్లతోనే దిగుతుంది. నేను గెడ్డ నీళ్లని ట్యాంకులో తేర్చి, వెయ్యి లీటర్లకి పది గ్రాముల లోపే బ్లీచింగ్ పౌడర్ కలిపి, రాత్రంతా మూత తీసి వదిలేసి మర్నాడు వాడతాను. ట్రైకోడెర్మా (తెగుళ్లని అణిచే మేలు శిలీంధ్రం) వేసే రోజున ఆ నీళ్లు వాడొద్దు, బ్లీచింగ్ దాన్నీ చంపేస్తుంది.

తల్లి మొక్కల్ని మే రెండో వారంలోపు నాటేయాలి. అడుగు ఎత్తు బోదెలు, బోదెకి ఒకే వరస, మొక్కకీ మొక్కకీ మూడడుగులు, బోదెల మధ్య ఐదడుగులు. పది సెంట్లలో 250 తల్లుల దాకా పడతాయి. చోటు వృథా అనిపిస్తుంది, కానీ ఆ ఖాళీలోనే పిల్లలు పెరగాలి. క్రౌన్ సగం మట్టిలో, సగం పైన ఉండాలి. లోతైతే కుళ్లుతుంది, పైకుంటే వేర్లు ఎండుతాయి. మొదటి నెల పైన 50 శాతం షేడ్ నెట్ కట్టండి, వానలు పడి ఎండ తగ్గాక తీసేయండి, అలాగే వదిలేస్తే మొక్క సన్నగా సాగి, తెగుళ్లకి లొంగిపోతుంది. వచ్చిన ప్రతి పూతా గిల్లేయాలి. ఒక్క కాయ తిందామని వదిలినా ఆ బలం రన్నర్‌కి పోకుండా కాయకి పోతుంది. నత్రజని విషయంలో చేయి బిగించండి. యూరియా చల్లితే రన్నర్లు జోరుగా వస్తాయి నిజమే, కానీ ఆ మెత్తటి మొక్కనే ఆంత్రక్నోస్ ముందు పట్టుకుంటుంది. నా రెండో ఏడాది తోట జూన్‌లో అంత పచ్చగా ఉండటానికి కారణం యూరియానే.

జూన్ మూడో వారానికి రన్నర్లు మొదలవుతాయి. రన్నర్‌ని వేలి మీద వేసుకుని చూడండి. మొదటి కణుపు దగ్గర మామూలుగా ఏమీ ఉండదు, రెండో కణుపు దగ్గర చిన్న ఆకుల గుత్తి, దాని కింద బియ్యపు గింజ చివరల్లా రెండు మూడు తెల్లటి మొనలు ఉంటాయి. అవే వేరు మొనలు. అవి తేమ తగిలిన వారంలో వేర్లవుతాయి, తేమ దొరక్కపోతే గోధుమ రంగుకి తిరిగి గట్టిపడిపోతాయి, ఆ తర్వాత ఎంత నీళ్లు పోసినా సరిగా నాటుకోవు. తెల్లగా ఉన్నప్పుడే పట్టుకోవాలి, మొత్తం పనిలో ఒడుపు కావాల్సింది ఇక్కడే.

వాటిని నేల మీద మట్టిలోకి తొక్కించొద్దు. మట్టిలో వేరూనిన మొక్కని తవ్వి తీస్తే వేర్లు తెగుతాయి, ఉన్న తెగులు కూడా వస్తుంది. పెద్ద నర్సరీలు వేరు పోయని పిల్లల్ని తల్లి నుంచి కోసి, ప్రోట్రేల్లో (గుంతలున్న ప్లాస్టిక్ ట్రేల్లో) గుచ్చి, ఫాగర్లతో (మంచులా నీళ్లు చిమ్మే గొట్టాలతో) మొదటి వారం పది రోజులు ఆకులు ఆరకుండా చూస్తాయి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట ఆ పద్ధతి చాలా టెన్షన్. ఒక్క మధ్యాహ్నం మూడు గంటలు ఫాగర్ ఆగితే ట్రే మొత్తం వాడిపోతుంది. మనకి సరిపోయేది, పిల్లని తల్లి నుంచి కోయకుండానే వేరు పోయించడం. బోదె పక్కన చిన్న పాలిథీన్ కవరో, గ్లాసో, 50 గుంతల ప్రోట్రేనో కోకోపీట్‌తో (కొబ్బరి పీచు పొట్టుతో) నింపి పెట్టి, పిల్లని దాని మీద కూర్చోబెట్టి, రన్నర్ కదలకుండా యూ ఆకారంలో వంచిన తీగ ముక్కతోనో, వెదురు చీలికతోనో బిగించాలి. తల్లి పాలు తాగుతున్న పిల్ల కాబట్టి ఒక పూట నీళ్లు తప్పినా బతుకుతుంది. క్రౌన్‌ని పూడ్చొద్దు, మొనలు తగిలేంత ఆనితే చాలు. ఒక్కో రన్నర్ మీద మొదటి మూడు పిల్లల్నే ఉంచి ఆ తర్వాత కొస గిల్లేయండి, నాలుగో పిల్ల, ఐదో పిల్ల సన్నగా వస్తాయి, అక్టోబర్‌కి అందవు.

కోకోపీట్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఒకసారి 30 ట్రేల పిల్లలు ఆకు అంచులు మాడిపోయి ఆగిపోయాయి, కారణం తెలియడానికి నాకు పది రోజులు పట్టింది. చవకగా దొరికే కోకోపీట్ ఇటుకల్లో ఉప్పు ఎక్కువ. నానబెట్టి, పిండి, ఆ నీళ్లలో ఈసీ పెన్ను ముంచి చూడండి, తగ్గేదాకా మూడు నాలుగు సార్లు కడగండి. తర్వాత కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో ఒక రోజు నాననిచ్చి మళ్లీ మంచి నీళ్లతో కడిగితే మొక్కకి పడుతుంది. పాత ట్రేలు వాడితే బ్లీచింగ్ నీళ్లలో ముంచి ఆరబెట్టాకే వాడండి.

జూలై, ఆగస్టు వానలే అసలు పరీక్ష. ఆంత్రక్నోస్ ఎక్కువగా గాలికి ఎగిరి రాదు, చినుకు చిందినప్పుడు ఆ తుంపరతో ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకి దూకుతుంది. కాబట్టి చినుకు మొక్క మీద పడకుండా, నేల మీద పడ్డది చిందకుండా చూడగలిగితే సగం గెలిచినట్టే. వెదురు వాసాలు వంచి పైన పాలిథీన్ షీటు కప్పి, పక్కలు పూర్తిగా తెరిచి ఉంచండి, గాలి ఆడాలి. మూసేస్తే వానకి బదులు ఆవిరి చంపుతుంది. బోదెల మధ్య మందంగా వరిగడ్డి పరచండి. పైనుంచి గొట్టంతో, రోజ్ క్యాన్‌తో నీళ్లు పోయొద్దు, డ్రిప్‌తోనే తల్లులకి ఇవ్వండి, ట్రేలకి కింద నుంచి పీల్చుకునేలా పలుచటి తొట్టెలో పెట్టి తీయండి. షీటుకి ఖర్చవుతుందని నేను మూడో ఏడాది సగం మడికే వేశాను. కప్పిన సగంలో పదిలో ఎనిమిది పిల్లలు దక్కాయి, కప్పని సగంలో నాలుగు కూడా దక్కలేదు. ఇక ఆ తర్వాత షీటు గురించి మళ్లీ ఆలోచించలేదు.

రోజూ పొద్దున్నే ముందు నారుమడిలోకి వెళ్లండి, తర్వాతే వేరే పొలాల్లోకి. చెప్పులు, చేతులు, కత్తెర మోసుకొచ్చే తెగులు చాలా ఎక్కువ. కత్తెరని మొక్కకీ మొక్కకీ మధ్య స్పిరిట్ గుడ్డతో తుడవండి. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఒకసారి మడి చుట్టూ తిరిగి వాలిన మొక్క ఉందేమో చూడండి, పొద్దున చూస్తే తెలియదు. వాలిందంటే ఆ తల్లిని, దాని రన్నర్లని, దాని పిల్లల్ని, అటు ఇటు పక్క తల్లుల్ని కూడా సంచిలో వేసి దూరంగా కాల్చేయండి. ప్రాణం ఒప్పుకోదు, తెలుసు. ఒక తల్లిని దాని పిల్లలతో సహా తీసేస్తే పాతిక మొక్కలు పోతాయి, వదిలేస్తే వరస పోతుంది. మందుల విషయంలో నేను పేర్లు చెప్పను, ఎందుకంటే తెగులు ఏదో తేల్చకుండా కొట్టే మందు డబ్బు దండగ. పీకిన మొక్కని కవర్లో పెట్టుకుని దగ్గర్లోని ఉద్యాన అధికారి దగ్గరికో, చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం లాంటి చోటికో తీసుకెళ్లి చూపించి, వాళ్లు చెప్పింది కొట్టండి.

పిల్ల ట్రేలో మూడు నాలుగు వారాలుంటే చిటికెన వేలితో కింద నుంచి తోస్తే మొత్తం వేర్ల ముద్దతో బయటికి వస్తుంది. మట్టి రాలకుండా వస్తే కోయడానికి సిద్ధం. తల్లి వైపు అంగుళం తోక ఉంచి కోయండి, నాటేటప్పుడు పట్టుకోవడానికి పనికొస్తుంది. కోసిన తర్వాత పది రోజులు నీడలో, తర్వాత వారం మెల్లగా ఎండలోకి. నాటే సమయానికి మూడు నాలుగు ఆకులు, పెన్సిల్ లావు క్రౌన్ ఉండాలి. జూన్ చివర్లో పాతుకున్న పిల్లలు అక్టోబర్‌కి ముదిరిపోయి, రెండు మూడు క్రౌన్లు వేసి, వేర్లు ట్రేలో చుట్టుకుపోతాయి. అందుకే పిల్లల్ని ఆగస్టు మొదటి వారం నుంచి సెప్టెంబర్ మొదటి వారం మధ్యే ట్రేల్లో బిగించేలా లెక్క వేసుకోండి, అంతకుముందు వచ్చిన రన్నర్లలో బలమైనవాటినే పెద్ద కవర్లలో పెట్టండి. ప్రతి ట్రేకి బిగించిన తేదీ, తల్లి వరస నంబరు రాసి అతికించండి. డిసెంబర్‌లో ఏ వరస ముందు పూసిందో, ఏది వాలిపోయిందో అప్పుడు తెలుస్తుంది.

లెక్క ఎంత అంటే, పుస్తకాల్లో తల్లికి యాభై, వంద పిల్లలు అని కనబడుతుంది. మన వానలో, పై జాగ్రత్తలన్నీ తీసుకున్నా, తల్లికి 20 నుంచి 25 నాటదగ్గ పిల్లలు అనుకుని ప్లాన్ చేసుకోండి. 250 తల్లులకి ఐదు నుంచి ఆరు వేలు, పావెకరానికి సరిపోతుంది. మొదటి ఏడాది మాత్రం మొత్తం దీని మీదే ఆధారపడొద్దు. సగం మొక్కలు కొనండి, సగానికి మాత్రమే నారు పోయండి. తల్లులు, షీటు, ట్రేలు, కోకోపీట్, నెట్ అన్నీ కలిపితే మొదటి ఏడాది కొన్న మొక్క కంటే చవకేం పడదు, రెండో ఏడాది నుంచి షీటు, నెట్, ట్రేలు మిగులుతాయి కాబట్టి తగ్గుతుంది. అసలు లాభం రేటులో లేదు. తెల్లవారి ట్రేలోంచి తీసిన మొక్కని పది గంటలకి నాటొచ్చు, పెట్టెలో రెండున్నర రోజులు ఉడకదు.

మైదానంలో ఉన్నవాళ్లకి నేరుగా చెబుతాను, నారు మీరు పెంచొద్దు. మేలో 40 డిగ్రీలు దాటే చోట తల్లి బతికినా రన్నర్ వేయదు, నెట్ కట్టి ఫాగర్లు పెట్టి ఖర్చు పెరగడమే మిగులుతుంది. కొండ మీద ఒకరిద్దరు రైతులతో మే నెలలోనే మాట్లాడుకుని, కొంత అడ్వాన్స్ ఇచ్చి, మీ మొక్కలు మీకోసం పెంచమనండి. రాత్రి బండిలో ట్రేలతో సహా తెచ్చుకోండి.

పెంచిన నారు మీ తోటకే వాడుకుంటే ఇబ్బంది లేదు, 2001 నాటి మొక్క రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం రైతుకి ఆ వెసులుబాటు ఇచ్చింది. నర్సరీలా బోర్డు పెట్టి అమ్మాలంటే సంగతి వేరు. ఉద్యాన నర్సరీలు రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, పైగా మన దగ్గర తిరిగే రకాలు చాలావరకు కాలిఫోర్నియా, ఫ్లోరిడా యూనివర్సిటీలు తయారు చేసినవి, వాటిలో ఏ రకానికి లైసెన్సు కావాలో ముందే కనుక్కోండి. మీ దగ్గర పుట్టిన తెగులు పక్క ఊరి తోటకి పోతే ఆ పాపం కూడా మీదే అవుతుంది, కాబట్టి రెండేళ్లు సొంత తోటలో చూసుకోకుండా అమ్మకం జోలికి పోవద్దు.

వచ్చే ఏడాదికి తల్లులు కావాలంటే అక్టోబర్‌లోనే పక్కన పెట్టుకోవాలి. ఎప్పుడూ వాలని వరసల నుంచి 60, 70 పిల్లల్ని తీసి, పెద్ద కవర్లలో నాటి, పేనుబంక దూరకుండా సన్నటి ఇన్సెక్ట్ నెట్ కింద ఉంచండి, ఒక్క పూత కూడా నిలవనివ్వకండి. ఏప్రిల్‌లో వాటిలో నాలుగింటిని నిలువుగా కోసి చూడండి. నాలుగూ తెల్లగా ఉంటే మిగిలినవి మే నెలలో మడిలోకి వెళ్తాయి, తక్కువ పడ్డ తల్లుల్ని కొనుక్కోండి. ఒక్కదానిలో ఇటుక రంగు చార కనబడినా మొత్తం తీసేసి కొత్తవి తెప్పించుకోండి. అన్నీ బాగున్నా సరే, మూడో ఏడాదికి మాత్రం సొంత తల్లుల్ని కొనసాగించకుండా ల్యాబ్ నుంచి కొత్త మొక్కలు తెచ్చుకోండి. వైరస్ కంటికి కనబడకుండా ఏడాదికేడాది పేరుకుంటుంది, మొక్క పచ్చగానే ఉండి కాయ సైజు మాత్రం తగ్గిపోతూ వస్తుంది.